పంపక్క నడిచిన గొట్టం దారి

ఆ ఊరు పుట్టింది ఇంజన్ల దాహం వల్ల. నదికి రెండు మైళ్ళ దూరంలో, రైలుదారి కొండ ఎక్కడం మొదలుపెట్టే చోట, ఏ బొగ్గు ఇంజనైనా ఆగి కడుపునిండా నీళ్ళు తాగాల్సిందే. తాగకుండా ఎక్కితే సగం దారిలో ఆవిరి చాలక చతికిలబడుతుంది. అందుకని నది ఒడ్డున ఒక పంపుహౌసు, కొండ మొదట్లో ఒక ఇనుప ట్యాంకు కట్టి, రెంటినీ కలుపుతూ నేలలో పెద్ద పోత గొట్టం పాతారు. ఆ ట్యాంకు పక్కన స్టేషను వచ్చింది, ఇంజన్ల షెడ్డు వచ్చింది, ఒకే అచ్చులో పోసినట్టుండే క్వార్టర్లు వరసలుగా లేచాయి. చిన్న ఆస్పత్రి, బడి, సాయంత్రాలు పేకాడుకోవడానికో క్లబ్బు. ఇదంతా పట్టాలకు ఇవతల. అవతల బజారు. కాలనీ ముందు పుట్టిందనీ, బజారు తర్వాత వచ్చి దాని పంచన చేరిందనీ మా కాలనీవాళ్ళం గొప్పగా చెప్పుకునేవాళ్ళం. ఎవరు ఎప్పుడు చెప్పారో తెలియదు గానీ అందరం నమ్మేవాళ్ళం.

నేను రైల్వే బడికి టీచరుగా వచ్చి క్వార్టరులో సామాను దించుకున్న రెండో రోజు పొద్దున్న ఎవరో తలుపు కొట్టారు. తీసి చూస్తే నూనె మరకల ఖాకీ చొక్కా తొడుక్కున్న ఒక సన్నటి మనిషి. ముప్పై అయిదు దాటి ఉంటాయి. చేతిలో పానా.

"పక్కింటిదాన్ని. పొద్దుట్నుంచీ మీ కుళాయి గొణుగుతోంది. గోడవతలనుంచి వినలేక వచ్చాను," అంది.

"కారట్లేదే?" అన్నాను నేను.

"ఇంకా కారట్లేదు. రేపట్నుంచి కారుద్ది. వాషరు పోయింది."

అడక్కుండానే లోపలికొచ్చి, కుళాయి విప్పి, జేబులోంచి తోలుముక్క తీసి కత్తిరించి బిగించింది. పోతూ పోతూ, "పంతులమ్మా, నీళ్ళు దేనికైనా ముందుగా చెప్తాయి. మనమే వినం," అంది. ఆ మాట పెద్ద మాటలా నాకప్పుడు అనిపించలేదు. కాస్త తిక్క మనిషేమో అనుకున్నాను.

ఊరంతా ఆమెను పంపక్క అనేవారు. పంపుహౌసులో పనిచేసే అక్క కాబట్టి పంపక్క. ఆమెకంటే పాతికేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు. భర్త పంపుహౌసులోనే ఖలాసీగా ఉండేవాడట. బండిలోంచి గొట్టాలు దించుతుంటే ఒకటి జారి మీద పడింది. నాలుగేళ్ళ కూతురుతో మిగిలిపోయిన మనిషికి రైల్వేవాళ్ళు అతని ఉద్యోగమే ఇచ్చారు. పని అంటే ఊడవడం, తుడవడం, నూనె డబ్బాలు అందించడం. అంతకుమించి ముట్టుకోనిచ్చేవాడు కాదు అక్కడి పంపు డ్రైవరు. ఆయన మీసాలు చెంపల దాకా పాకి ఉండేవి కాబట్టి మీసాల మేస్త్రీ అనేవారు.

"ఇదేంటండీ?" అని ఆమె ఏ భాగాన్ని చూపించి అడిగినా, "ఇంజను," అనేవాడట ఆయన. "మరి ఇదో?" "అదీ ఇంజనే. నువ్వు తుడువు."

పేర్లు చెప్పకపోతే తనే పెట్టుకుంది. పంపును తిప్పే ఇంజనుకున్న పెద్ద చక్రం గున్నమ్మ. నూనె బొట్టుబొట్టుగా పడే గాజు గిన్నె ఏడుపుగొట్టు. పొగ వదిలే గొట్టం చుట్టతాత. పంపు నోటి దగ్గరుండే వాల్వు పేరు మూతిముడుపు. తుడుస్తూ తుడుస్తూ ఒక్కొక్కటీ ఎప్పుడు వేడెక్కుతుందో, ఎప్పుడు చల్లగా ఉంటుందో, ఏది వదులైతే ఏ చప్పుడొస్తుందో చేత్తోనూ చెవితోనూ నేర్చుకుంది. మూడేళ్ళు ఇదే పని. ఆ సంగతి మీసాల మేస్త్రీకి తెలియదు. ఆయనకు తెలియదన్న సంగతి మాత్రం ఆమెకు బాగా తెలుసు.

నేనొచ్చిన రెండో వేసవిలో బడికి సెలవులిచ్చారు. మా అమ్మ దగ్గరికి బయల్దేరి పొద్దుటి ప్యాసింజరెక్కాను. పదిన్నరకు కదలాల్సిన బండి పన్నెండైనా కదల్లేదు. ఎండకు పెట్టె కాలిపోతోంది. దిగి ప్లాట్‌ఫారం చివరికి వెళ్ళి చూస్తే ఇంజను డ్రైవరు నీళ్ళ తొట్టి మీద నిలబడి, ఏనుగు తొండంలా వేలాడే నీళ్ళ గొట్టాన్ని చేత్తో బాదుతున్నాడు. అందులోంచి ఒక్క చుక్క రాలేదు. ట్యాంకు మీద లోతు చూపించే ఇనుప ముల్లు అడుక్కంటా దిగిపోయి ఉంది. వెనక గూడ్సు ఒకటి, దాని వెనక ఇంకొకటి. స్టేషను మాస్టరు టెలిఫోను పిడి తిప్పి తిప్పి చెయ్యి నొప్పెట్టి, ఇంకో చేత్తో తిప్పుతున్నాడు.

జరిగిందేమిటంటే, ఆ పొద్దున్నే మీసాల మేస్త్రీకి గుండెల్లో నొప్పొచ్చింది. పైనుంచొచ్చిన బండిలో పెద్దాస్పత్రికి తీసుకెళ్ళారు. పంపుహౌసులో పంపక్క ఒక్కతే ఉంది.

"ఇంకో డ్రైవర్ని పంపమని తంతి కొట్టాం. సాయంత్రం దాకా రాడు," అన్నాడట స్టేషను మాస్టరు ఫోనులో. "నువ్వేం ముట్టుకోకు."

"ముట్టుకోనండీ," అందట పంపక్క. ఫోను పెట్టేసి బయటికెళ్ళి, ఒడ్డున వల ఆరేసుకుంటున్న ముసలాయన్ని పిలిచింది. "తాతా, ఒక చెయ్యెయ్యాలి. ఈ పిడి పట్టుకుని నేను చెప్పేదాకా తిప్పు. నేను చాలన్నాక వదిలెయ్. వదలకపోతే అది నిన్ను తిప్పుద్ది."

మూడో తిప్పుకి ఇంజను అందుకుంది. చక్రం తిరిగింది, పొగ లేచింది, చప్పుడు బాగానే ఉంది. నీళ్ళు మాత్రం ఎక్కలేదు. ముసలాయన చెమట తుడుచుకుంటూ, "నడుస్తోంది కదమ్మా," అన్నాడు. "నడవట్లేదు తాతా. ఆయాసపడుతోంది. గాలి తాగుతోంది," అంది ఆమె. ఇంజను ఆపి, పంపు పక్కన నది నీళ్ళు చేరే బావిలోకి దిగే ఇనుప మెట్లు పట్టుకుని నడుం లోతు నీళ్ళలోకి దిగింది. నీళ్ళు పీల్చే గొట్టం చివర ఒక తలుపుంటుంది. లోపలికొచ్చిన నీళ్ళు తిరిగి జారిపోకుండా అది మూసుకోవాలి. ఆ తలుపు సందులో నది కొట్టుకొచ్చిన గుడ్డపేలిక ఇరుక్కుని ఉంది. మునిగి, లాగి, పైకొచ్చి, పంపు నెత్తినున్న బిరడా విప్పి బకెట్లతో నీళ్ళు పోసి గాలంతా వెళ్ళగొట్టింది. మళ్ళీ పిడి. ఈసారి గొట్టం మీద చెయ్యి పెట్టి చూసి నవ్విందట. ముసలాయన ఈ నవ్వు గురించి నాకు చాలాసార్లు చెప్పాడు. "అంతకుముందు ఆ పిల్ల నవ్వగా నేను చూడలేదమ్మా," అనేవాడు.

స్టేషనులో మేమెవరమూ ఇదంతా చూడలేదు. ఒంటిగంటకు ట్యాంకు లోపల గుబగుబమని చప్పుడైంది. ముల్లు వేలెడు పైకి లేచింది. ఇంజను డ్రైవరు టోపీ తీసి గాల్లోకి విసిరాడు. అది వెళ్ళి నీళ్ళ తొట్టిలో పడింది.

మీసాల మేస్త్రీ నెల రోజులకు తిరిగొచ్చాడు. మనిషి సగమయ్యాడు, మీసాలు మాత్రం అలాగే ఉన్నాయి. పంపుహౌసులోకి వచ్చి ఇంజను చుట్టూ తిరిగి, ప్రతిదీ తడిమి చూశాడు.

"నా ఇంజను నన్నడక్కుండా ఎలా తిరిగింది?" అన్నాడు.

"అడిగిందండీ. మీరే పలకలేదు," అంది పంపక్క.

ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, "ఇలా రా. దీన్ని ఫ్లైవీలంటారు," అని పెద్ద చక్రంతో మొదలుపెట్టాడు. ఆ రోజునుంచి రిటైరయ్యేదాకా చెప్పడం మానలేదు. పంపు డ్రైవరు పరీక్షకు ఆమె పేరు పంపించిందీ ఆయనే. ఆ పరీక్షలో ఆమె తత్తరపాటులో పాత పేర్లే చెప్పేసింది. "చుట్టతాత నల్లగా వదిలితే ఏడుపుగొట్టుని చూడాలండీ" అంటే పరీక్ష పెట్టే ఇంజనీరు తెల్లబోయాడు. చివరికి ఆయన కాగితాలు మూసి, "నువ్వు నోటితో చెప్పొద్దు, చేసి చూపించు," అన్నాడట. చేసి చూపించింది. ఆ లైను మొత్తంలో పంపు నడిపిన మొదటి ఆడమనిషి ఆమే అని మా కాలనీలో అనుకునేవారు. నిజమో కాదో గానీ ఆమె మాత్రం, "మొదటిదాన్నో చివరిదాన్నో, నీళ్ళు ఎక్కాయా లేదా?" అనేది.

తర్వాత పదేళ్ళు మంచి కాలం. ఊరు షెడ్డు కూతల లెక్కన నడిచేది. మూడు గంటల షిఫ్టు కూతకు నేను బడి గంట కొట్టేదాన్ని, మా వీధిలో పొయ్యిలు రాజేసేవారు. పంపక్క కూతురు నా దగ్గరే చదువుకుంది. లెక్కల్లో చురుకు, మాటల్లో వాళ్ళమ్మను మించింది. సాయంత్రం మా రెండిళ్ళ మధ్య మెట్టు మీద ముగ్గురం కూర్చునేవాళ్ళం. పంపక్క అప్పుడు కూడా ఊరికే కూర్చునేది కాదు. చేతిలో ఏదో ఒక వాల్వు పెట్టుకుని గరుక్కాగితంతో రుద్దుతూ ఉండేది.

మంచి కాలమన్నాను గానీ అది మా వైపు సంగతి. కాలనీలో ఇంటింటికీ కుళాయి. బజారుకు ఒక్కటీ లేదు. నదినుంచొచ్చే గొట్టం బజారు కిందుగానే వచ్చేది. కాళ్ళ కింద నీళ్ళు పారుతుంటే వాళ్ళు బిందెలతో పట్టాలు దాటి, కారే నీళ్ళ గొట్టం దగ్గర నిలబడేవారు. బజారుకు పెద్దదిక్కు సోడాలాయన. మంచి మనిషే గానీ నోరు పెద్దది. కాలనీవాళ్ళు ఎవరు కనపడినా, "ఇంజన్లకున్న మర్యాద మనుషులకు లేదయ్యా మీ దగ్గర," అనేవాడు. కాలనీకీ బజారుకూ ఉప్పూ నిప్పూ. కాలనీ క్లబ్బులోకి బజారువాళ్ళు అడుగుపెట్టకూడదు. బజారులో కాలనీవాళ్ళకు త్రాసు ఎప్పుడూ కాస్త పైకే తూగేది.

పంపక్క ఈ గొడవలో నోరు విప్పగా నేను వినలేదు. కానీ రోజూ పొద్దున్న ట్యాంకు నిండాక ఇంకో అరగంట పంపు నడిపేది. పొర్లిన నీళ్ళు కాలవగుండా పట్టాల కింద దాటి బజారు వైపున్న రాతితొట్టిలో పడేవి. స్టేషను మాస్టరొకసారి రిజిస్టరు తిరగేసి పిలిపించాడు.

"రోజూ పొర్లింది, పొర్లింది అని రాశావు. ఎందుకు పొర్లుతోంది?"

"ముల్లు సరిగ్గా చూపించట్లేదండీ."

"బాగుచేయించనా?"

"ఎందుకులెండి, దానికలా అలవాటైపోయింది."

ఆయన ఆమె మొహం చూశాడు, కిటికీలోంచి రాతితొట్టి దగ్గరున్న బిందెలు చూశాడు, రిజిస్టరు మూసేశాడు. మంచివాడు.

అలాంటి రోజుల్లో డీజిలింజన్లొచ్చాయి. మొదటిది వచ్చినప్పుడు మేమందరం పిల్లల్ని తీసుకెళ్ళి చూపించాం. నున్నగా, ఎర్రగా, అందంగా ఉంది. ఆగలేదు. నీళ్ళ గొట్టం పక్కనుంచి దాన్ని చూడనైనా చూడకుండా కొండెక్కేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్ళెవరూ కొట్టలేదు. రెండేళ్ళలో బొగ్గింజన్లు ఒక్కొక్కటే పోయాయి. షెడ్డుకు తాళం పడింది. ఫిట్టర్లు, ఫైర్‌మెన్లు తలో ఊరికి బదిలీ అయ్యారు. క్వార్టర్లు ఒక వరస తర్వాత ఒక వరస ఖాళీ అవుతుంటే బడిలో నా క్లాసు బెంచీలు కూడా ఖాళీ అవుతూ వచ్చాయి. ఊరు నీరుగారిపోయింది. చివరికొక ఆర్డరొచ్చింది: మూడు నెలల్లో పంపుహౌసు మూసివేత. పంపు డ్రైవరుకు నగరంలోని పెద్ద వర్క్‌షాపుకు బదిలీ.

అది పంపక్కకు ఒక రకంగా శుభవార్త. కూతురు ఆ నగరంలోనే హాస్టల్లో ఉండి చదువుతోంది. "అమ్మా, ఇక ఇద్దరం ఒక్కచోటే ఉండొచ్చు," అని ఉత్తరం రాసింది. పంపక్క ఆ ఉత్తరం నాకు చూపించి మురిసిపోయింది. మర్నాడు సాయంత్రం మెట్టు మీద కూర్చుని, "పంతులమ్మా, నేను పోయాక ట్యాంకు ఎన్ని రోజులొస్తుందో లెక్కేశాను," అంది.

"ఎన్నాళ్ళు?"

"రెండు రోజులు. కాలనీకి బండిలో నీళ్ళు పంపిస్తారట. బజారుకు అదీ లేదు. నది దాకా రెండు మైళ్ళు పోయి రావాలి. అలా ఎన్నాళ్ళుంటారు? మూటలు కట్టుకుంటారు. ఊరే ఉండదు."

"రైల్వేవాళ్ళు వదిలేస్తుంటే మనమేం చేస్తాం అక్కా?"

"వదిలేస్తున్నారు గదా, మనం తీసుకుందాం," అంది. ఏదో పాత బెంచీ సంగతి మాట్లాడుతున్నట్టు.

మర్నాటినుంచి కాలికి బలపం కట్టుకుని తిరిగింది. డ్యూటీ దిగగానే పట్టాలు దాటి బజారులో దుకాణం దుకాణం ఎక్కింది. అందరికంటే ముందు సోడాలాయన దగ్గరికెళ్ళింది. నేను కూడా ఉన్నాను.

"ఇప్పుడు గుర్తొచ్చామా మేం?" అన్నాడాయన.

"మీరెప్పుడూ గుర్తే. రాతితొట్టి దానంతటదే నిండిందనుకున్నారా?" అంది పంపక్క.

ఆయన చేతిలో సీసా చేతిలోనే ఉండిపోయింది. "నాకు తెలీదక్కా," అన్నాడు మెల్లగా. తర్వాత తన మామూలు గొంతులో, "నీళ్ళు లేకపోతే సీసాల్లో వట్టి గ్యాసు అమ్ముకోవాలి. దానికి నా మాటలు చాలు. చెప్పు, నేనేం చెయ్యాలి?" అన్నాడు.

ఆ వారంలోనే క్లబ్బులో మీటింగు పెట్టాం. బజారువాళ్ళు క్లబ్బు గడప దాటడం అదే మొదలు. చెప్పులు విడవాలో అక్కర్లేదో తెలియక గుమ్మం దగ్గర ఆగిపోతే, కాలనీలో మిగిలిన గార్డుగారు లేచెళ్ళి, "రండి రండి, ఇక ఇది ఎవరిదీ కాదు, అందరిదీ," అని లోపలికి తీసుకొచ్చాడు. అర్జీ నేను రాశాను. నాలుగొందల సంతకాలు పడ్డాయి. సంతకం రానివాళ్ళు వేలిముద్రలు వేశారు. పంపుహౌసునూ గొట్టాన్నీ పట్టణ బోర్డుకు అప్పగించాలి, బోర్డు ఊరంతటికీ నీళ్ళివ్వాలి. అంతే.

రైల్వేవాళ్ళు ఒప్పుకున్నారు. వాళ్ళకు అది తప్పిన బరువు. బోర్డువాళ్ళు మాత్రం నీళ్ళు నమిలారు. బోర్డునుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చి చూసి, "గొట్టం ఎక్కడెక్కడినుంచి వస్తోందో మ్యాపు కావాలి. నేలలో ఏముందో తెలియకుండా తీసుకుంటే రేపు పగిలితే ఎక్కడ తవ్వాలి?" అన్నాడు. అడిగింది న్యాయమే. స్టేషనులో బీరువా తీశారు. మ్యాపు చుట్ట ఉంది గానీ చెదలు తినగా మిగిలింది అంచులు మాత్రమే. పైనున్న ఆఫీసుకు రాస్తే, తమ దగ్గర అసలే లేదని జవాబొచ్చింది. మూసివేతకు ఇక పన్నెండు రోజులే ఉన్నాయి.

"మ్యాపెందుకండీ? నడుద్దాం రండి," అంది పంపక్క.

ఆ పొద్దున్న పంపు నడుస్తూ ఉండగా నదినుంచి బయల్దేరాం. పంపు దగ్గర, ఆనాడు పిడి తిప్పిన వల తాతను కూర్చోబెట్టింది. ఆమె చేతిలో భుజమెత్తు కర్ర ఒకటి. ఒక చివర నేలకు ఆనించి రెండో చివర చెవికి పెట్టుకునేది. వెనక ఇంజనీరు, అతని పక్కన కాగితం పట్టుకుని నేను, మా వెనక సున్నం గంపతో సోడాలాయన. ఆమె వేలు చూపించిన చోటల్లా ఆయన గీత గీసేవాడు. వంద గజాలు పోయేసరికి మా వెనక పదిమంది, అర మైలు పోయేసరికి సగం ఊరు.

"ఇక్కడొక అతుకుంది. కొంచెం చెమ్మ. ఇప్పుడే పనికిరాకుండా పోదు, వచ్చే ఏడు చూసుకోవాలి. ఇక్కడ చెట్టు వేరు గొట్టాన్ని ఆనుకునుంది, కొట్టించెయ్యాలి. ఇక్కడ గాలి వదిలే మూత, మట్టిలో మోచెయ్యి లోతు." ఇంజనీరు మొదట ఊరికే తలాడించాడు. గాలి మూత దగ్గర మాత్రం నమ్మక తవ్వించాడు. సరిగ్గా మోచేతి లోతులో పార ఠంగుమంది. అక్కణ్ణుంచి అతనే కాగితం నా చేతిలోంచి లాక్కుని రాసుకున్నాడు.

బజారు మధ్యకొచ్చేసరికి పంపక్క ఆగిపోయింది. కర్ర పెట్టి విని, నాలుగడుగులు వెనక్కి వేసి విని, మళ్ళీ వచ్చింది. సోడాలాయన దుకాణం ముందున్న సిమెంటు మెట్ల మీద కర్ర పెట్టి కళ్ళు మూసుకుంది.

"ఏమైందమ్మా?" అన్నాడు ఇంజనీరు.

"ఇక్కడ నీళ్ళు తిన్నగా పోవట్లేదండీ. కొన్ని పక్కకు తిరిగి, తలుపు కొట్టి వెనక్కొస్తున్నాయి. పదేళ్ళుగా వింటున్నాను. మెట్లను తవ్వమని ఎలా అడగనని ఊరుకున్నాను."

అందరూ సోడాలాయన వైపు చూశారు. ఆ మెట్లు ఆయన వీధిలోకి జరిపి కట్టినవి. కట్టినప్పుడు ఎవరడిగినా ఇంతెత్తున లేచాడు. ఆయన సున్నం గంప కింద పెట్టాడు. లోపలికెళ్ళి గునపంతో వచ్చి, తన మెట్లను తనే పగలగొట్టడం మొదలుపెట్టాడు. నాలుగు దెబ్బలయ్యాక గార్డుగారు ముందుకొచ్చి, "ఇటివ్వండి, ఆయాసపడుతున్నారు," అని గునపం అందుకున్నాడు.

మెట్ల కింద మట్టి, మట్టి కింద ఇటుకల గూడు, గూటి మీద ఇనుప మూత. పంపక్క మోకాళ్ళ మీద కూర్చుని చొక్కా చేత్తో మూత తుడిచింది. దాని మీద పోతపోసిన సంవత్సరం కనపడింది. కాలనీ మొదటి వరస గోడ మీదున్న సంవత్సరం కంటే ఆరేళ్ళు ముందుది. మూత ఎత్తితే లోపల బిగుసుకుపోయిన వాల్వు, దాన్నుంచి బజారు పొడవునా పోయే వేరే గొట్టం.

అక్కడున్నవాళ్ళలో అందరికంటే ముసలావిడ, దర్జీగారి తల్లి, అప్పుడు నోరు తెరిచింది. "మా తాత ఈ లైను వేసిన కూలీల్లో ఉన్నాడు. వాళ్ళ గుడిసెలు ఇక్కడే ఉండేవట. మొదటి కుళాయి ఇక్కడే వేశారని చెప్పేవాడు. మేం కథలనుకునేవాళ్ళం."

అంటే ఊరు మొదలైంది బజారునుంచి. లైను వేసిన మనుషుల కోసమే మొదటి నీళ్ళొచ్చాయి. లైనయ్యాక ఎవరో ఆ వాల్వు కట్టేశారు. ఎందుకు కట్టేశారో చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు. కాలనీవాళ్ళం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఇన్నేళ్ళు మా పంచన చేరారనుకున్నవాళ్ళ పంచన మేం చేరామన్నమాట.

ఆ వాల్వును తిప్పడానికి పంపక్కకు రెండు రోజులు పట్టింది. కిరసనాయిలు పోసి నానబెట్టింది, చుట్టూ సుత్తితో సన్నగా తట్టింది. తొందరపడి బలంగా తిప్పబోయినవాళ్ళని కసిరింది. రెండో రోజు మధ్యాహ్నం అది కిర్రుమని అర చుట్టు తిరిగింది. వీధి చివర తవ్వి విప్పి ఉంచిన గొట్టంలోంచి మొదట గాలి, తర్వాత తుప్పు, తర్వాత ఎర్రటి బురద, ఆ తర్వాత నీళ్ళొచ్చాయి. బిందె తెచ్చినవాళ్ళూ తేనివాళ్ళూ ఒకేలా తడిశారు. బోర్డు ఇంజనీరు బూట్లు చేత్తో పట్టుకుని బురదలో నిలబడి, "తీసుకుంటాం, తీసుకుంటాం," అంటూనే ఉన్నాడు, ఎవరూ వినిపించుకోకపోయినా.

పంపక్క వెంటనే బదిలీ మీద వెళ్ళకుండా నాలుగు నెలల సెలవు పెట్టుకుంది. ఆ నాలుగు నెలలూ ఇద్దరికి పంపు నేర్పింది. ఒకరు షెడ్డులో పని పోయినా ఊళ్ళోనే ఉండిపోయిన ఫైర్‌మాను, ఇంకొకరు సోడాలాయన కోడలు. మామగారు మొదట నసిగాడు. "ఆడపిల్లకి ఇంజనెందుకక్కా?" అన్నాడు. ఎవరితో అంటున్నాడో ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ ఆయనకు తట్టలేదు. నాలిక్కరుచుకుని లోపలికెళ్ళిపోయాడు. మొదటి రోజే పంపక్క ఆ పిల్లను ఇంజను ముందు నిలబెట్టి, ప్రతిదాని పేరూ చెప్పింది. అసలు పేర్లూ, తన పేర్లూ రెండూ.

ఆమె వెళ్ళిన రోజు ప్లాట్‌ఫారం నిండిపోయింది. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "పంతులమ్మా, మీ వంటింటి కుళాయి మళ్ళీ గొణుగుతోంది, చూసుకో," అంది. బండి కదిలాక కిటికీ తలుపు దించేసుకుంది. దించుకుని ఏడ్చిందని కూతురు తర్వాత నాకు రాసింది.

నగరంలో ఏడేళ్ళు పనిచేసింది. అక్కడ ఆమెను వందమందిలో ఒకరిగా చూశారు. అది ఆమెకు కష్టమూ కాలేదు, ఇష్టమూ కాలేదు. కూతురుతో ఒకే గదిలో ఉండటం మాత్రం ఇష్టమైంది. కూతురు చదువు ముగించి, ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగంలో చేరి, తనతో పనిచేసే అతన్నే పెళ్ళి చేసుకుంది. రిటైరయ్యాక వాళ్ళతోనే ఉండమన్నారు. "మీ ఇంటికి వస్తా పోతా ఉంటాను. మా ఇంటికి మీరూ వస్తా పోతా ఉండండి," అని మా ఊరు బయల్దేరింది.

ఈలోగా ఊరు మారింది. ఖాళీ షెడ్డులో చెక్కసామాన్లు చేసేవాళ్ళొచ్చారు. ఖాళీ క్వార్టర్లు అద్దెలకిచ్చారు. చుట్టుపక్కల పిల్లలంతా రావడంతో మా బడికి పై తరగతులొచ్చాయి. డీజిలింజన్లు ఇప్పటికీ మా దగ్గర నీళ్ళు తాగవు గానీ, వాటిలోంచి దిగే మనుషులు ఎక్కువయ్యారు.

ఆమె వచ్చిన మర్నాడు ఇద్దరం బజారులోకి నడిచాం. దారిలో కొత్త వీధిలో కుళాయి దగ్గర ఒక వరస ఉంది. పంపక్క తిన్నగా వెళ్ళి కుళాయి మెడ మీద వేలు పెట్టింది, అలవాటుకొద్దీ. బిందె పట్టుకున్న ఒక పిల్ల కళ్ళెర్రజేసింది.

"ఏమ్మా, ఊరికి కొత్తా? లైన్లో రావాలి."

నేను నోరు తెరవబోతే పంపక్క నా చెయ్యి గిల్లింది. "తెలీదమ్మా, కొత్తే," అని, వెనక్కెళ్ళి వరసలో ఆఖరున నిలబడింది. బిందె లేదు, చెంబు లేదు. వంతు వచ్చేదాకా నిలబడి, దోసిలి పట్టి తాగి, మొహం తుడుచుకుని వచ్చింది.

"ఎందుకక్కా ఇదంతా? నువ్వెవరో చెప్తే సరిపోయేదిగా," అన్నాను.

"చూశావా, ఎవరూ తోసుకోలేదు. ఆగిపోతాయని భయముంటే తోసుకుంటారు," అంది.

ఇప్పుడామె మా వీధిలోనే ఉంటోంది. పొద్దున్నే పంపుహౌసు దాకా నడిచి, సోడాలాయన కోడలు దగ్గర కాసేపు కూర్చుని, తప్పులేవైనా దొరుకుతాయేమోనని చూసి, దొరక్క తిరిగొస్తుంది. "ఆ పిల్ల నాకంటే బాగా చేస్తోంది," అని ఒక రోజు, "ఆ పిల్లకు నూనె పొయ్యడం ఇంకా రాదు," అని ఇంకో రోజు అంటుంది. బోర్డువాళ్ళు ఈమధ్య కరెంటు మోటారు పెడతామంటున్నారు. ఇంగ్లీషులో ఉన్న ఆ మోటారు పుస్తకం తెప్పించుకుని, రోజూ సాయంత్రం నా దగ్గరికొచ్చి రెండేసి పేజీలు చదివించుకుంటోంది. నిన్నటికి పన్నెండో పేజీలో ఉన్నాం.